మూడో కిలోవాట్ ఎవరికి గిట్టుబాటు?

విశాఖ మర్రిపాలెంలో మా బాబాయి వాళ్ళది రెండంతస్తుల మేడ. కింద వాళ్ళుంటారు, పైన అద్దెకిచ్చారు. మొన్న వేసవిలో గుమ్మం దగ్గర ఎవరో పడేసిపోయిన రంగుల కరపత్రం చేత్తో పట్టుకుని నాకు ఫోన్ చేశారు.

"ఏరా, మేడ మీద సోలార్ పెట్టుకుంటే గవర్నమెంటు 78 వేలు ఊరికే ఇచ్చేస్తోందంట. మిగిలింది బ్యాంకోళ్ళు అప్పిస్తారంట. కరెంటు బిల్లు సున్నా అంట. ఇందులో మెలిక ఏటిరా?"

కరపత్రంలో అబద్ధం లేదు. 78 వేలు నిజమే, అప్పూ నిజమే, బిల్లు బాగా తగ్గే మాటా నిజమే. కాకపోతే ఆ మూడూ ఒకే రోజు రావు, అందరికీ ఒకేలా రావు. సబ్సిడీ పని అయిపోయాక వస్తుంది. అప్పు పని మొదలవకముందే తీసుకోవాలి. ఆదా మాత్రం నెలనెలా చిల్లరగా, మనం వాడే యూనిట్లను బట్టి వస్తుంది. ఈ మూడింటినీ కలిపి ఒకే వాక్యంలో రాసేసరికి మా బాబాయి లాంటి లెక్కల మాస్టారికి కూడా బుర్ర తిరిగింది. అందుకే ఓ ఆదివారం కరెంటు బిల్లుల కట్ట ముందేసుకుని, ఇద్దరం కూర్చుని లెక్క తేల్చాం. ఆ లెక్కే ఇది.

సబ్సిడీ కూడా శ్లాబుల్లోనే ఉంది

పథకం పేరు పీఎం సూర్యఘర్ ముఫ్త్ బిజ్లీ యోజన. 2024 ఫిబ్రవరిలో మొదలైంది. దేశంలో కోటి ఇళ్ళ మీద సోలార్ పలకలు పెట్టించాలన్నది లక్ష్యం, దానికి కేంద్రం కేటాయించింది 75,021 కోట్ల రూపాయలు. పలకల సామర్థ్యాన్ని కిలోవాట్లలో కొలుస్తారు. ఇంటి యజమానికి వచ్చేది ఇలా: మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కి 30,000 చొప్పున, మూడో కిలోవాట్‌కి 18,000. అంటే ఒక కిలోవాట్ పెడితే 30 వేలు, రెండు పెడితే 60 వేలు, మూడు పెడితే 78 వేలు. అక్కడితో ఆగిపోతుంది. అయిదు కిలోవాట్లు పెట్టుకున్నా 78 వేలే.

ఈ అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, మొదటి రెండు కిలోవాట్లకు ప్రామాణిక ధర 50 వేల చొప్పున లెక్కగట్టి అందులో 60 శాతం, ఆపైన మూడోదానికి 45 వేలు లెక్కగట్టి అందులో 40 శాతం. ప్రామాణిక ధర అనేది ప్రభుత్వం కాగితం మీద లెక్క. బజారులో కొటేషన్ దానికన్నా ఎక్కువే వస్తుంది. ఎందుకంటే సబ్సిడీ కావాలంటే పలకలే కాదు, వాటి లోపలి సెల్స్ కూడా మన దేశంలో తయారైనవే అయివుండాలి. వీటిని డీసీఆర్ ప్యానెళ్ళు అంటారు. బయటి సెల్స్‌తో చేసిన పలకలు చవకగా దొరుకుతాయి గానీ వాటికి సబ్సిడీ రాదు. కొటేషన్‌లో ఈ మూడక్షరాలు ఉన్నాయో లేదో ముందు చూడాలి. "మాది ఇంకా చవక సార్" అని ఎవరన్నా అంటే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మన ఆంధ్రప్రదేశ్‌లో దీని మీద ఇంకో పొర ఉంది. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు రాష్ట్ర ప్రభుత్వం ఉచితంగా పెట్టించే ఏర్పాటు ఉంది. ఆ అర్హత ఉన్నవాళ్ళు కరపత్రాలవాళ్ళను నమ్మి అప్పు జోలికి పోవడం అనవసరం, కరెంటు సెక్షన్ ఆఫీసుకు వెళ్ళి అడగాలి. బీసీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు కేంద్రం ఇచ్చే 60 వేల మీద రాష్ట్రం మరో 20 వేలు కలుపుతుంది.

ఇక అసలు సంగతి. సబ్సిడీ అంటే కొట్లో బిల్లు వేసేటప్పుడు తగ్గించే డిస్కౌంటు కాదు. దీపం సిలిండర్ డబ్బుల్లాగా ముందు పూర్తి ధర మన జేబులోంచి పోవాలి, తరవాత ఖాతాలో పడాలి. పలకలు బిగించి, నెట్ మీటర్ (వచ్చే కరెంటునూ, బయటికి వెళ్ళే కరెంటునూ లెక్కించేది) పెట్టి, డిస్కంవాళ్ళు, అంటే కరెంటు పంపిణీ సంస్థవాళ్ళు, వచ్చి చూసి, పథకం పోర్టల్‌లో పని పూర్తయినట్టు కమిషనింగ్ సర్టిఫికెట్ వచ్చాక మన బ్యాంకు వివరాలు ఇస్తే అప్పుడు వస్తుంది. ఆ తరవాత ముప్పై రోజుల్లో అని ప్రభుత్వం మాట. అంటే మొదటి రోజున చేతిలో ఉండాల్సింది కొటేషన్ మొత్తం, సబ్సిడీ పోను మిగిలింది కాదు. పలకలు బిగించే వెండర్లు కొంతమంది "మీకు పడేది 80 వేలే" అని సబ్సిడీ తీసేసిన ధరే చెప్తారు. వినడానికి బాగుంటుంది. బ్యాంకుకు మాత్రం పూర్తి ధర కొటేషనే ఇవ్వాలి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోకపోతే ఏ అంకె ఎక్కడిదో తెలియకుండా సంతకం పడిపోతుంది.

కరెంటు బిల్లును పైనుంచి కిందకు చదవాలి

ఇక్కడే కొంచెం సేపు ఆగుదాం. ఎన్ని కిలోవాట్లు అనేదానికి జవాబు సబ్సిడీ పట్టికలో దొరకదు, మన బిల్లులోనే దొరుకుతుంది.

మన ఇళ్ళ కరెంటు ధర మెట్లమెట్లుగా ఉంటుంది. మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయలు. 75 దాకా 3 రూపాయలు. 125 దాకా 4.50. 225 దాకా 6. 400 దాకా 8.75. ఆపైన 9.75. నెలకు 300 యూనిట్లు కాలితే మొత్తం 300కీ 8.75 వెయ్యరు, ఏ మెట్టు ధర ఆ మెట్టుకే. మా బాబాయి కింద వాటా మీటరు వేసవిలో సరిగ్గా 300 దగ్గర తిరుగుతోంది. కాగితం మీద వేస్తే: 57, 135, 225, 600, 656. మొత్తం 1,673 రూపాయలు. దీనిమీద ఫిక్సెడ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, యూనిట్‌కి 6 పైసల సుంకం, ఇంధన సర్దుబాటు ఛార్జీ ఉంటాయి. లెక్క తేలిగ్గా ఉండటానికి వాటిని పక్కన పెట్టాం. అన్నట్టు, ఫిక్సెడ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ సోలార్ పెట్టినా పోవు. "సున్నా బిల్లు" అంటే నిజంగా సున్నా కాదన్నమాట.

ఒక కిలోవాట్ పలకలు మన ఎండకు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి, నెలకు 120. ఆషాఢం మబ్బుల్లో తగ్గుతుంది, మార్చి ఎండల్లో పెరుగుతుంది, సగటు మీద ఇంతే. ఈ 120 యూనిట్లు బిల్లులోంచి తీసేసేటప్పుడు పైమెట్టు నుంచి తీస్తారు. అదీ కీలకం.

మొదటి కిలోవాట్ పెడితే మా బాబాయి బిల్లు 300 నుంచి 180 యూనిట్లకు దిగుతుంది. పోయేవి 8.75 రూపాయల యూనిట్లన్నీ, 6 రూపాయల యూనిట్లలో కొన్ని. ఆదా 926 రూపాయలు. రెండో కిలోవాట్ పెడితే 180 నుంచి 60కి దిగుతుంది. అవి 6, 4.50, కాస్త 3 రూపాయల యూనిట్లు. ఆదా 600. మూడో కిలోవాట్ పెడితే మిగిలిన 60 యూనిట్లూ పోతాయి. కానీ ఆ 60 యూనిట్ల ఖరీదు మొత్తం కలిపి 147 రూపాయలే!

బాబాయి కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "అంటే మూడోది నెలకు నూట నలభై ఏడు రూపాయల కోసమా?"

అంతే. ఆయనకొచ్చిన కొటేషన్లు రెండు కిలోవాట్లకు 1,40,000, మూడింటికి 2,00,000. అంటే మూడో కిలోవాట్ ఒక్కదానికి 60 వేలు, దానికి సబ్సిడీ 18 వేలు, మన జేబులోంచి 42 వేలు. నెలకు 147 చొప్పున ఆ 42 వేలు తిరిగి రావాలంటే ఇరవై నాలుగేళ్ళు. పలకల జీవితం పాతికేళ్ళంటారు, పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ అంతకాలం మన్నదు. ఉత్పత్తి 360, వాడకం 300 కాబట్టి నెలకు 60 యూనిట్లు మిగులుతాయి, వాటికి డిస్కం నుంచి ఎంతో కొంత సర్దుబాటు వస్తుంది. కానీ మన ఇంట్లో పైమెట్టు మీద ఆదా అయ్యే ధరకీ, మిగులుకు వచ్చే ధరకీ పోలిక లేదు. మొదటి రెండు కిలోవాట్లకైతే సబ్సిడీ పోను 80 వేలు, ఆదా నెలకు 1,526. నాలుగున్నరేళ్ళు కూడా పట్టదు.

చూశారుగా, సబ్సిడీ మూడో కిలోవాట్‌కి తగ్గుతుంది, మన ఆదా కూడా మూడో కిలోవాట్‌కే తగ్గుతుంది. రెండూ ఒకేచోట దిగుతాయి. కరపత్రంలో మాత్రం 78 వేలే పెద్దక్షరాల్లో ఉంటుంది.

అలాగని మూడు అందరికీ వద్దని కాదు. ఎంవీపీ కాలనీలో మా స్నేహితుడిది పెద్ద కుటుంబం, మూడు ఏసీలు, నెలకు 500 యూనిట్లు. వాళ్ళకు బిల్లు 3,523. మూడు కిలోవాట్లు పెడితే 507కి దిగుతుంది. అక్కడ మూడో కిలోవాట్ ఒక్కటే 816 రూపాయలు మిగులుస్తుంది. అదే 42 వేలు నాలుగేళ్ళ చిల్లరలో వెనక్కొస్తాయి. రెండో కొసన 150 యూనిట్ల చిన్న ఇల్లు చూడండి. వాళ్ళ బిల్లే 567. ఒక కిలోవాట్ పెడితే 510 మిగులుతుంది. కొటేషన్ 75 వేలు అనుకుంటే, సబ్సిడీ పోను 45 వేలు రావడానికి ఏడేళ్ళు దాటుతుంది. తప్పని చెప్పను గానీ, తొందరపడాల్సిన పని మాత్రం లేదు.

మీటరు సంగతి కూడా ఒకటి చెప్పాలి. సోలార్ ఒక మీటరుకే తగులుతుంది. పైన అద్దెకున్నవాళ్ళ మీటరు వేరు, వాళ్ళ బిల్లు ఒక్క రూపాయి కూడా తగ్గదు. "మేడంతా ఫ్రీ కరెంటు" అనుకున్న బాబాయికి ఇది రెండో చేదుమాత్ర. తన మీటరు యూనిట్లే లెక్క, రెండూ కలిపి వేసుకుంటే మూడు కిలోవాట్ల దాకా వెళ్ళిపోయేవారు.

అప్పు చేయకుండా ముందు మార్చాల్సినవి

ప్రభుత్వం అప్పిస్తుందంటే అప్పు దగ్గరే మొదలుపెట్టాలనిపిస్తుంది. నా మాట వింటే ముందు తల పైకెత్తి ఫ్యాన్లు చూడండి. పాతరకం సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది. తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్ 30 దగ్గర ఉంటుంది. విశాఖ ఉక్కపోతలో ఫ్యాన్ ఆపే గంటలు తక్కువ. రోజుకు 15 గంటల చొప్పున నాలుగు ఫ్యాన్లు మారిస్తే నెలకు 81 యూనిట్లు. ఆ 81 కూడా పైమెట్టు నుంచే పోతాయి, 8.75 రూపాయలవి దాదాపు అన్నీ. నెలకు 690 రూపాయల పైనే. ఫ్యాన్ మూడు వేల చొప్పున పన్నెండు వేలు పెడితే ఏడాదిన్నరలోపే రాబడి. చలికాలంలో ఫ్యాన్ అంతసేపు తిరగదు కాబట్టి ఇంకో ఆరు నెలలు కలుపుకోండి. అయినా మొదటి కిలోవాట్ పలకలకన్నా ఇది మెరుగైన బేరం. దీనికి సబ్సిడీ లేదు, అప్పు అక్కర్లేదు. అందుకేనేమో దీని గురించి ఎవరూ కరపత్రం వెయ్యరు.

విశాఖవాళ్ళకు ఇది కొత్త పాఠమూ కాదు. 2014 అక్టోబరు 12, ఆదివారం హుద్‌హుద్ తుఫాను వచ్చి వీధి దీపాలను పడగొట్టాక, ఊరంతా తిరిగి పెట్టినవి ఎల్ఈడీలు. కొత్త కరెంటు కొనడానికి ముందు పాత వాడకం తగ్గించుకోవడం అక్కడ కళ్ళారా చూశాం. ఆ తరవాత ముడసర్లోవ రిజర్వాయర్ నీళ్ళ మీద తేలే సోలార్ పలకలు వచ్చాయి.

ఏసీ మార్చే ఆలోచన ఉన్నవాళ్ళకు ఒక్క ముక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్‌టీ 28 నుంచి 18కి, సోలార్ సామాను మీద 12 నుంచి 5కి తగ్గింది. పాత కొటేషన్‌తో పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

బాబాయి ఫ్యాన్లు మార్చారు. 300 కాస్తా 220కి దిగింది. ఈలోగా మా చెల్లి ఆఫీసుకు ఎలక్ట్రిక్ స్కూటర్ కొంది, దాని ఛార్జింగ్‌కి నెలకు 40. అంటే 260. రెండు కిలోవాట్లు ఇచ్చే 240కి అది సరిగ్గా జోడు కుదిరింది. ఎన్ని కిలోవాట్లు పెట్టాలో ఇప్పుడున్న బిల్లు చూసి కాదు, ఫ్యాన్లు మార్చాక, రాబోయే స్కూటర్, ఏసీ కలిపాక వచ్చే అంకె చూసి నిర్ణయించుకోవాలి. ఆ క్రమం తిరగేస్తే ముందు మూడు కిలోవాట్లు పెట్టి, తరవాత ఫ్యాన్లు మార్చి, మిగులు కరెంటును ఎవరికివ్వాలా అని కూర్చుంటాం.

అప్పు ఎలా నడుస్తుంది

పథకంలో 3 కిలోవాట్ల వరకు పూచీకత్తు లేకుండా రెండు లక్షల దాకా బ్యాంకులు అప్పిస్తాయి. వడ్డీ రిజర్వ్ బ్యాంకు రెపో రేటు (బ్యాంకులకు అది అప్పిచ్చే వడ్డీ) కన్నా అర శాతం ఎక్కువ. 2024లో పథకం మొదలైనప్పుడు రెపో 6.5 కాబట్టి వడ్డీ 7 శాతం. తరవాత రెపో తగ్గుతూ వచ్చింది, దాంతోపాటు ఈ వడ్డీ కూడా తగ్గింది. రేపు పెరిగితే ఇదీ పెరుగుతుంది. మేము 6 శాతం వేసుకుని చూశాం. కొటేషన్‌లో పది శాతం మనం పెట్టుకోవాలి, మిగిలింది బ్యాంకు నేరుగా వెండర్ ఖాతాకు పంపుతుంది. పదేళ్ళ దాకా గడువు. దరఖాస్తు ప్రభుత్వ అప్పుల పోర్టల్ జన్‌సమర్థ్‌లో పెట్టుకోవచ్చు.

రెండు కిలోవాట్లకు బాబాయి పెట్టాల్సింది 14 వేలు, అప్పు 1,26,000. పదేళ్ళకు వాయిదా సుమారు 1,400. సబ్సిడీ 60 వేలు పడగానే అది అప్పులో కట్టేస్తే మిగిలేది 66 వేలు. దానికి పదేళ్ళ వాయిదా 733 రూపాయలే. కానీ 260 యూనిట్ల బిల్లులో రెండు కిలోవాట్లు మిగిల్చేది 1,285. అదే సొమ్ము మొత్తం వాయిదాకు పెడితే అయిదేళ్ళలో అప్పు తీరిపోతుంది: అయిదేళ్ళకు వాయిదా 1,276. ఇంతకుముందు కరెంటు ఆఫీసుకు కట్టేదే ఇప్పుడు బ్యాంకుకు కడుతున్నాం, అయిదేళ్ళ తరవాత ఆ సొమ్ము ఎవరికీ కట్టం.

ఇక్కడే మనుషులు జారిపోయే చోటు ఒకటుంది. సబ్సిడీ మన సేవింగ్స్ ఖాతాలో పడిందనుకోండి. అరవై వేలు ఖాతాలో కనబడ్డాక చేతులు ఊరుకోవు. పెళ్ళిళ్ళ సీజనైతే మరీను. సబ్సిడీని అప్పులో కట్టకపోతే 733 కాదు, 1,400 వాయిదానే పదేళ్ళు నడుస్తుంది. బిల్లులో మిగిలే 1,285 కన్నా అది ఎక్కువ. సోలార్ నష్టం అని కొందరు చెప్పుకునే కథల్లో సగం ఇలాంటివే. ఇలా రెపోతోపాటు మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అవసరాల అప్పుకు ముందుగా కట్టినందుకు జరిమానా ఉండదు. కాబట్టి సబ్సిడీ పడ్డ రోజే బ్యాంకుకు వెళ్ళి, అప్పులో జమ చేయమని రాతపూర్వకంగా ఇవ్వాలి. వాయిదా తగ్గించమంటారా, గడువు తగ్గించమంటారా అని అడుగుతారు. ఉద్యోగం ఉన్నవాళ్ళు గడువు, పెన్షన్ మీద ఉన్నవాళ్ళు వాయిదా అన్నది నా ఓటు. బాబాయి పెన్షనరే అయినా మొండిగా గడువే తగ్గించుకున్నారు.

సబ్సిడీ ఆలస్యమైతే ఎంత పోతుందో కూడా చూడండి. 60 వేల మీద 6 శాతం వడ్డీ నెలకు 300. రెండు మూడు నెలలు ఆలస్యమైనా కొంపలేం మునగవు. కాబట్టి ఆలస్యం భయంతో బంగారం కుదువ పెట్టడం, వెండర్ చూపించిన ప్రైవేటు ఫైనాన్సుకు వెళ్ళడం వద్దు. వాళ్ళ వడ్డీ దీనికన్నా బాగా ఎక్కువ ఉంటుంది.

కాగితాల దగ్గర చిక్కు మరో రకం. మా బాబాయి మీటరు అప్పటికింకా పోయిన తాతయ్య పేరు మీదే ఉంది. బ్యాంకు ఖాతా, ఆధార్ బాబాయి పేరు. ఈ ఊళ్ళో పాత మేడలన్నిటికీ ఇదే కథ. పోర్టల్‌లో దరఖాస్తు కదలదు, అప్పూ కదలదు. ముందు పేరు మార్పు చేయించుకోవాలి: మరణ ధ్రువీకరణ, వారసుల సమ్మతి, ఇంటి పన్ను రసీదు పట్టుకుని తిరగాలి. మిగతా పనికన్నా ఎక్కువ రోజులు దీనికే పట్టాయి. మంచి సంగతి ఒకటుంది: 2024లో మార్చిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల వరకు సోలార్‌కు సాంకేతిక పరిశీలన (ఫీజిబిలిటీ) అక్కర్లేదు, దరఖాస్తును ఒప్పుకున్నట్టే లెక్క. మంజూరైన లోడు చాలకపోతే దాన్ని పెంచే బాధ్యత కూడా డిస్కందే. మాకు ఒక వెండర్ "ఫీజిబిలిటీకి ఖర్చవుద్ది సార్, ఒక రెండు వేలు" అన్నాడు. ఎందుకని అడిగితే మాట మార్చాడు.

ఉప్పు గాలి, తుఫాను గాలి

కొటేషన్‌లో అందరూ ప్యానెళ్ళ పేరు చూస్తారు, ఇన్వర్టర్ పేరు చూస్తారు. విశాఖలో చూడాల్సింది పలకలను నిలబెట్టే స్ట్రక్చర్. లాసన్స్ బే వైపు మూడేళ్ళ కిటికీ ఊచ ఎలా పొట్టు రాలుతుందో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. మామూలు రంగేసిన ఇనుప గొట్టాలు వద్దు. కరిగిన జింకులో ముంచి తీసిన హాట్ డిప్ గాల్వనైజ్డ్ గానీ, అల్యూమినియం గానీ ఉండాలి. బోల్టులు స్టెయిన్‌లెస్. డాబా మీద కోసి వెల్డింగ్ చేస్తే ఆ అతుకు దగ్గరే తుప్పు మొదలవుతుంది, అక్కడ జింకు పూత పోయి ఉంటుంది కాబట్టి. పలకలకు ఉప్పు తేమ పరీక్ష, ఐఈసీ 61701, ఉందా అని అడగండి. అడిగితే కాగితం చూపిస్తారు, అడగకపోతే ఎవరూ చూపించరు.

హుద్‌హుద్‌లో గాలి గంటకు 170–180 కిలోమీటర్లు. ఆ గాలిని పలకలు తెరచాపలా పట్టుకుంటాయి. ఎత్తుగా లేపి కింద గది చేసుకుందామనుకునేవాళ్ళు ఈ సంగతి ఆలోచించాలి. స్ట్రక్చర్ కాళ్ళు డాబా మీద సిమెంటు దిమ్మెల్లో ఊరికే నిలబెట్టారా, శ్లాబులోకి యాంకర్ చేశారా, చేస్తే నీరు కారకుండా ఏం చేస్తారు: ఈ మూడూ ఒప్పందంలో రాయించుకోవాలి. పథకం కింద పెట్టిన వెండర్ అయిదేళ్ళు నిర్వహణ చూడాలి, అదీ అందులో ఉండాలి.

ఇంకో అపోహ. తుఫానొచ్చి ఊరంతా కరెంటు పోతే మన మేడ మీద సోలార్ ఉందిగా అనుకుంటారు. పోయినప్పుడు అదీ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే లైన్‌మన్‌కు మన ఇంటి కరెంటు తగలకూడదని ఇన్వర్టర్ దానంతటదే ఆగేలా చేస్తారు. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ అయితే వేరే, కానీ సబ్సిడీ పలకల కిలోవాట్లకే, బ్యాటరీకి అదనంగా ఏమీ రాదు. ఏడాదికి మూడు రోజుల చీకటి కోసం అంత ఖర్చు నాకైతే దండగే అనిపిస్తుంది. పోర్టుకు దగ్గరున్న పాతనగరం ఇళ్ళవాళ్ళు మాత్రం బకెట్టు, గుడ్డ సిద్ధం చేసుకోవాలి. నల్ల దుమ్ము పట్టిన పలక సగం కళ్ళు మూసుకున్నట్టే.

ఫ్లాటువాళ్ళ సంగతి

సీతమ్మధార, మధురవాడ అపార్ట్‌మెంట్లలో డాబా ఒక్కరిది కాదు. అందరి వాటా. ఒకరు పలకలు పెట్టాలంటే అసోసియేషన్ ఒప్పుకోవాలి, పది కుటుంబాలు పెడతామంటే చోటు చాలదు: ఒక కిలోవాట్‌కి సుమారు వంద చదరపు అడుగులు కావాలి. వీళ్ళకు దారి వేరే ఉంది. లిఫ్టు, నీళ్ళ మోటారు, మెట్ల లైట్లు, వాహనాల ఛార్జింగ్ లాంటి ఉమ్మడి అవసరాలకు అసోసియేషన్ పేరున సోలార్ పెడితే కిలోవాట్‌కి 18 వేల చొప్పున, మొత్తం 500 కిలోవాట్ల దాకా సబ్సిడీ ఉంది. ఉమ్మడి మీటరు బిల్లు తగ్గితే నెలవారీ మెయింటెనెన్స్ తగ్గుతుంది. తగ్గాలి. తగ్గించిన అసోసియేషన్లు ఎన్నో నేను చెప్పలేను గానీ, మీటింగులో అడగడానికి ఒక అంకె అయితే చేతికొస్తుంది.

బాబాయి ఇంటి మీద పని జూన్‌లో అయింది. రెండు కిలోవాట్లు, నాలుగు పలకలు, దక్షిణం వైపు వాలు. వెండర్ కుర్రాడు వెళ్ళేముందు పక్కనున్న ఖాళీ చోటు చూపించి, "మాస్టారూ, ఇక్కడ ఇంకో రెండు పలకలు పడతాయి, తరవాతైనా చెప్పండి" అన్నాడు. మా పిన్ని సుద్దముక్క తెచ్చి ఆ చోటు చుట్టూ గీత గీసింది. "ఇది వడియాలకి. దీని మీద ఏ పలకా రాదు."